పక్కపక్కన లోహ పరమాణువులు: ఎలక్ట్రోక్యాటలిస్టుల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు, ఫ్యూయల్ సెల్ కంపెనీల్లో పనిచేసే మిత్రులు ఎలక్ట్రోక్యాటలిస్టుల (కరెంటుతో ముడిపడిన రసాయన చర్యలను వేగంగా నడిపించే పదార్థాల) మీద ఏడాది పొడుగునా దాదాపు ఇవే సందేహాలు అడుగుతుంటారు. విడివిడిగా జవాబులు రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది, కాబట్టి కావలసింది వెతుక్కుని చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

రియాక్షన్ జరిగేది ఒక పరమాణువు మీదే కదా, పక్కనున్న దాని గురించి ఇంత చర్చ ఎందుకు?

ఒక పరమాణువు ఆక్సిజన్‌నో హైడ్రోజన్‌నో ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది దాని చుట్టూ ఎవరున్నారన్న దాన్నిబట్టి మారిపోతుంది. దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ప్లాటినం-నికెల్ మిశ్రమలోహం. మూడు ప్లాటినంలకు ఒక నికెల్ ఉన్న స్ఫటికం (111) ముఖం (ఒక నిర్దిష్ట దిశలో కోస్తే బయటపడే తలం) మీద ఆక్సిజన్ రిడక్షన్, అంటే ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకుని నీరుగానో పెరాక్సైడ్‌గానో మారడం (ఓఆర్‌ఆర్) మామూలు ప్లాటినం (111) మీద కన్నా 10 రెట్లు వేగంగా జరుగుతుందని 2007లో స్టామెన్‌కోవిచ్, మార్కోవిచ్ బృందం చూపించింది. ఫ్యూయల్ సెల్‌లో వాడే ప్లాటినం-కార్బన్ పొడితో పోలిస్తే అది 90 రెట్లు. విచిత్రం ఏమిటంటే ఆ ముఖం పైపొరలో నికెల్ లేనే లేదు, అంతా ప్లాటినమే. నికెల్ రెండో పొరలో దాక్కుని ఉంటుంది. ఆక్సిజన్‌ను ఒక్కసారి కూడా తాకకుండానే పై పరమాణువు స్వభావాన్ని మార్చేసింది.

సింగిల్ ఆటమ్, డ్యుయల్ ఆటమ్, క్లస్టర్, అలాయ్... వీటికి తేడా ఏమిటి?

సింగిల్ ఆటమ్ క్యాటలిస్టులో ఒక్కొక్క లోహ పరమాణువు విడిగా ఉండి, ఏదో ఒక ఆధారానికి (నైట్రోజన్ చేర్చిన కార్బన్, ఆక్సైడ్ వగైరా) అతుక్కుని ఉంటుంది. ఐరన్ ఆక్సైడ్ మీద ఒంటరి ప్లాటినం పరమాణువులను నిలిపి 2011లో చైనాలోని డాలియన్ పరిశోధకులు వేసిన పేపర్‌తో ఈ పేరు స్థిరపడింది. డ్యుయల్ ఆటమ్ అంటే అలాంటివి రెండు, నేరుగా బంధంతోనో, మధ్యలో ఒక నైట్రోజన్ లేదా ఆక్సిజన్ వంతెనతోనో జతగా ఉండటం. మూడు మొదలు కొన్ని డజన్ల పరమాణువుల గుంపు క్లస్టర్. అలాయ్ అంటే వేల పరమాణువుల కణంలో రెండు లోహాలు కలగలిసి ఉండటం. హద్దులు గీత గీసినట్టు ఉండవు. ఒకే పొడిలో నాలుగూ ఉండటం సర్వసాధారణం.

"పక్కన" అంటే ఎంత దూరం?

నేరుగా బంధం ఉంటే 0.25 నానోమీటర్ చుట్టుపక్కల. ఉదాహరణకు మామూలు ఇనుములో రెండు పరమాణువుల మధ్య 0.248, ప్లాటినంలో 0.277. అయితే తాకకపోయినా ప్రభావం ఉంటుంది. నాలుగు నైట్రోజన్ల మధ్య కూర్చున్న ఐరన్ సైట్లను రకరకాల సాంద్రతల్లో తయారుచేసి 2021లో ఒక బృందం కొలిచింది. సైట్ల మధ్య దూరం 1.2 నానోమీటర్ల లోపుకి వచ్చేసరికి ఒక్కో ఐరన్ పనితనం పెరగడం మొదలైంది, 0.7 దగ్గర గరిష్ఠానికి చేరింది, ఇంకా దగ్గరైతే కాస్త తగ్గింది. అంటే రెండు మూడు కార్బన్ వలయాల అవతల ఉన్నవాడు కూడా పొరుగువాడే. పేపర్లలో "ఐసొలేటెడ్" అన్న మాట కనబడితే ఈ 1.2 గుర్తుంచుకోండి.

ప్రకృతిలో ఇలాంటి జంటలు ఉన్నాయా?

బోలెడు. మనం పీల్చిన ఆక్సిజన్‌ను నీరుగా మార్చే సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్‌లో హీమ్ ఐరన్‌కు ఎదురుగా, సుమారు 0.5 నానోమీటర్ దూరంలో ఒక కాపర్ ఉంటుంది. హైడ్రోజినేజుల్లో నికెల్-ఐరన్ లేదా ఐరన్-ఐరన్ జంట. గాలిలోని నైట్రోజన్‌ను పట్టే నైట్రోజినేజ్‌లో ఏడు ఐరన్లు, ఒక మాలిబ్డినం. ల్యాబ్‌లో మనం అనుకరించేది ఈ దూరాన్నీ, జంటనీ మాత్రమే. ప్రోటాన్లను సమయానికి అందించే ప్రోటీన్ గోడ మన దగ్గర లేదు. ఎంజైమును "కాపీ కొట్టాం" అనే మాటను అందుకే కొంచెం తగ్గించి తీసుకోవాలి.

## పొరుగు ఏం చేస్తుంది

ఎలక్ట్రానిక్ ఎఫెక్ట్, స్ట్రెయిన్, ఎన్‌సెంబుల్, బైఫంక్షనల్... అన్నీ ఒకటేనా?

కాదు, నాలుగూ వేరు. కలిపేసి "సినర్జీ" అని రాసేస్తే చదివేవాడికి ఏమీ తెలియదు.

ఎలక్ట్రానిక్ ఎఫెక్ట్‌లో పొరుగు లోహం ఎలక్ట్రాన్లను ఇచ్చిగానీ లాగిగానీ పనిచేసే పరమాణువు శక్తి స్థాయిలను జరుపుతుంది. స్ట్రెయిన్‌లో ఎలక్ట్రాన్ల బదిలీ అక్కర్లేదు, దూరం మారితే చాలు. నికెల్ జాలకం ప్లాటినం జాలకం కన్నా చిన్నది (0.352, 0.392 నానోమీటర్లు). దాని మీద కూర్చున్న ప్లాటినం పొర ఇరుకై ఆక్సిజన్ మీద పట్టు సడలిస్తుంది. మిశ్రమలోహాల్లో ఈ రెండూ కలిసే వస్తాయి, విడదీయడం కష్టం.

ఎన్‌సెంబుల్ అనేది లెక్కకు సంబంధించినది: ఒక అణువు కూర్చోవడానికి ఒకే రకం పరమాణువులు ఎన్ని పక్కపక్కన కావాలి అన్నది. బైఫంక్షనల్‌లో పని పంపకం ఉంటుంది. మెథనాల్ ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ అతుక్కుని కదలదు. పక్కన రుథేనియం ఉంటే అది ప్లాటినం కన్నా తక్కువ పొటెన్షియల్‌లోనే నీటిని విడగొట్టి ఓహెచ్‌ను అందిస్తుంది, ఆ ఓహెచ్ మోనాక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మార్చి పంపేస్తుంది. వటనాబె, మొటో 1975లో చెప్పిన ఈ వివరణ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 2011లో ప్లాటినం మీద నికెల్ హైడ్రాక్సైడ్ మచ్చలు వేసి క్షార ద్రావణంలో హైడ్రోజన్ ఉత్పత్తిని 8 రెట్లు పెంచినప్పుడూ ఇదే సూత్రం: నీటిని చీల్చే పని హైడ్రాక్సైడ్‌ది, హైడ్రోజన్‌ను జతచేసే పని ప్లాటినంది.

డి-బ్యాండ్ సెంటర్ అంటే సులువుగా చెప్పండి.

లోహం ఉపరితలంలో డి-ఎలక్ట్రాన్ల సగటు శక్తి ఎక్కడుందో చెప్పే ఒకే ఒక సంఖ్య అది. ఫెర్మీ స్థాయికి (ఎలక్ట్రాన్లు నిండిన శక్తి స్థాయిల పై హద్దుకు) దగ్గరగా ఉంటే వచ్చే అణువును గట్టిగా పట్టుకుంటుంది, కిందికి దిగితే వదులుగా పట్టుకుంటుంది. హామర్, నోర్స్‌కోవ్ 1995లో పెట్టిన ఆలోచన ఇది. ప్లాటినం ఆక్సిజన్‌ను కాస్త ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది, సుమారు 0.2 ఎలక్ట్రాన్ ఓల్టులు సడలిస్తే ఓఆర్‌ఆర్‌కు సరిపోతుంది. నికెల్, కోబాల్ట్ చేసేది ఆ సడలింపే. విడి పరమాణువులకు మాత్రం ఈ లెక్క అంత నమ్మకంగా పనిచేయదు. అక్కడ బ్యాండ్ అనదగ్గది ఉండదు, విడివిడి ఆర్బిటాళ్లుగా చూడాలి.

స్కేలింగ్ రిలేషన్ అంటే ఏమిటి? రెండో పరమాణువు దాన్ని ఎలా దాటిస్తుంది?

ఓఆర్‌ఆర్ దారిలో ఓఓహెచ్, ఓ, ఓహెచ్ అనే మూడు మజిలీలు ఉన్నాయి. ఆదర్శ క్యాటలిస్టులో ప్రతి అడుగుకూ 1.23 ఎలక్ట్రాన్ ఓల్టులు సమానంగా పంచుకోవాలి. అలాగైతే ఓఓహెచ్‌కు, ఓహెచ్‌కు మధ్య రెండు అడుగులు కాబట్టి తేడా 2.46 ఉండాలి. కానీ ఈ రెండూ ఒకే పరమాణువుకు ఒకే ఆక్సిజన్‌తో వేలాడతాయి. ఒకదాని పట్టు పెంచితే రెండోదాని పట్టూ పెరుగుతుంది. ఏ లోహం తీసుకున్నా తేడా 3.2 దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన 0.74ను రెండు అడుగులకు పంచితే 0.37 ఓల్ట్. ఎంత మంచి లోహం పెట్టినా ఆ పాటి నష్టం తప్పదని ఈ లెక్క చెబుతుంది.

రెండో పరమాణువు మీద ఆశ ఇక్కడే. ఓఓహెచ్‌కున్న రెండో ఆక్సిజన్‌ను పొరుగు పట్టుకుంటే ఓఓహెచ్‌కు మాత్రమే అదనపు ఆసరా దొరుకుతుంది, ఓహెచ్‌కు దొరకదు. తేడా 3.2 నుంచి దిగుతుంది. లేదా ఆక్సిజన్ అణువు రెండు లోహాల మధ్య అడ్డంగా పడుకుని నేరుగా విరిగిపోతుంది, అప్పుడు ఓఓహెచ్ మజిలీయే ఉండదు. కాగితం మీద రెండూ చక్కగా ఉన్నాయి. నిజమైన ఎలక్ట్రోడ్ మీద ఈ దారిలోనే వెళుతోందని నేరుగా చూపించిన సందర్భాలు తక్కువ.

పొరుగు ఉంటే ఎప్పుడూ మేలేనా?

కాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేయాలంటే ఆక్సిజన్ అణువు విరగకూడదు, విరగాలంటే పక్కపక్కన ప్లాటినంలు కావాలి. అందుకని 2013లో ఒక బృందం ప్లాటినంల మధ్య పాదరసం దూర్చి ఒక్కో ప్లాటినంను ఒంటరిని చేసింది. 96 శాతం వరకు పెరాక్సైడే వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ విషయంలో నికెల్ ఇంకా స్పష్టం. నైట్రోజన్ల మధ్య ఒంటరిగా ఉన్న నికెల్ డయాక్సైడ్‌ను మోనాక్సైడ్‌గా మారుస్తుంది, అదే నికెల్ ముద్దగా ఉంటే ఎక్కువగా హైడ్రోజనే వదులుతుంది. పాళ్లు తప్పి చిన్న నికెల్ కణాలు ఏర్పడితే మీ గ్యాస్ క్రొమటోగ్రఫీలో హైడ్రోజన్ పీక్ లేచి కూర్చుంటుంది.

కాపర్‌కే ఎందుకంత పేరు?

కార్బన్ డయాక్సైడ్ నుంచి మీథేన్, ఎథిలీన్ లాంటి హైడ్రోకార్బన్లు చెప్పుకోదగ్గ పాళ్లలో ఇచ్చే ఏకైక శుద్ధ లోహం కాపర్. హోరి బృందం 1985లో గుర్తించింది. ఎథిలీన్, ఇథనాల్ రావాలంటే రెండు కార్బన్లు కలవాలి. అందుకు రెండు మోనాక్సైడ్‌లు పక్కపక్క కాపర్‌ల మీద ఒకే సమయంలో ఉండాలి. పొరుగు లేనిదే జరగని పని ఇది.

## తయారీ

జంట సైట్ల తయారీ ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది జిఫ్-8తోనే (జింక్, ఇమిడజోల్ అణువులతో అల్లిన, లోపల గదులున్న స్ఫటికం) మొదలుపెడతారు, నేనూ అదే చెబుతాను. మెథనాల్‌లో జింక్ నైట్రేట్, 2-మిథైల్ ఇమిడజోల్ కలిపితే తెల్లటి పొడి వస్తుంది. జింక్‌లో కొంత భాగం బదులు కోబాల్ట్ వేస్తే పొడి ఊదారంగుకు తిరుగుతుంది, కోబాల్ట్ ఎంత వెళ్లిందో కంటికే కొంత అందాజా దొరుకుతుంది. దాని గదులు సుమారు 1.16 నానోమీటర్లు, గుమ్మాలు 0.34 మాత్రమే. గుమ్మం కన్నా పెద్దదైన ఐరన్ అసిటైల్ అసిటొనేట్‌ను స్ఫటికం పెరుగుతున్నప్పుడే వేస్తే గదిలో చిక్కుకుపోతుంది. తర్వాత ఆర్గాన్‌లో 900-1000 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయాలి. జింక్ 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి ఆవిరై వెళ్లిపోతుంది. వెళ్తూ వెళ్తూ సన్నని రంధ్రాలు వదులుతుంది, కోబాల్ట్, ఐరన్ నైట్రోజన్‌లకు అతుక్కుని మిగులుతాయి. చివర ఆమ్లంతో కడిగితే కణాలుగా మారిన లోహం చాలావరకు పోతుంది, కార్బన్ పొరల్లో కప్పబడినది మాత్రం పోదు. కడిగాక ఎక్స్‌రే డిఫ్రాక్షన్ శుభ్రంగా ఉందని సంబరపడకండి. మరీ చిన్న కణాలు అందులో కనబడవు.

రెండు లోహాలూ పక్కపక్కనే కూర్చుంటాయన్న గ్యారంటీ ఉందా?

మామూలు పైరాలిసిస్‌లో (పైన చెప్పినట్టు ఆర్గాన్‌లో బాగా వేడిచేయడంలో) లేదు. వెయ్యి డిగ్రీల వేడిలో ఎవరి దారి వాళ్లది. ఐరన్, కోబాల్ట్ రెండూ వేసినంత మాత్రాన ఐరన్-కోబాల్ట్ జంటలు రావు, ఐరన్-ఐరన్, కోబాల్ట్-కోబాల్ట్, ఒంటరివి అన్నీ వస్తాయి. గ్యారంటీ కావాలంటే ముందే జతగా ఉన్న అణువుతో మొదలుపెట్టాలి: రెండు లోహాలున్న థాలోసయనిన్లు, డైఐరన్ నోనాకార్బోనిల్, మూడు రుథేనియంల గుంపు కావాలంటే ట్రైరుథేనియం డోడెకాకార్బోనిల్. వీటినీ తక్కువ వేడిలోనే స్థిరపరచాలి. వేడి పెంచే కొద్దీ జత విడిపోవడమో, ఇంకో జతతో కలిసి ముద్దవడమో జరుగుతుంది.

లోడింగ్ (పొడిలో లోహం శాతం) పెంచుకుంటూ పోతే జంటలు వాటంతటవే వస్తాయి కదా?

కొంతవరకు అవును. లెక్క వేసి చూద్దాం. బరువులో 1 శాతం ఐరన్ ఉంటే దాదాపు 460 కార్బన్లకు ఒక ఐరన్. గ్రాఫీన్ పొరలో ఒక్కో కార్బన్ వాటా 0.0262 చదరపు నానోమీటర్లు, కాబట్టి ఒక్కో ఐరన్‌కు 12 చదరపు నానోమీటర్ల చోటు. చదరంగం గళ్లలా సమంగా సర్దితే దూరం 3.5 నానోమీటర్లు. 5 శాతానికి 88 కార్బన్లకు ఒకటి, దూరం 1.5. ఈ పద్ధతిలో 0.7కు రావాలంటే ఏకంగా 20 శాతం లోహం కావాలి.

కానీ పరమాణువులు గళ్లలో కూర్చోవు, చల్లినట్టు పడతాయి. అలా పడినప్పుడు అత్యంత దగ్గరి పొరుగు సగటు దూరం గళ్ల దూరంలో సరిగ్గా సగం. 5 శాతం పొడిలో 1.5 కాస్తా 0.75 అయిపోతుంది. "సింగిల్ ఆటమ్" అని పేరు పెట్టి 5 శాతం లోహం వేసిన పొడిలో సగానికి పైగా పరమాణువులకు ఒక నానోమీటర్ లోపే పొరుగు ఉన్నట్టే లెక్క. ఎవరూ జంటలు చేయాలనుకోలేదు, అయినా అవి వచ్చాయి. మీ దగ్గరున్న పాత శాంపిళ్లకు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.

జింక్ కొంచెం మిగిలిపోతే ఇబ్బందా?

ఓఆర్‌ఆర్‌కు జింక్ స్వయంగా పెద్దగా పనిచేయదు, కానీ మూడో పొరుగుగా లెక్కలో ఉంటుంది. ఐసీపీ పరీక్షలో (లోహాల శాతం కొలిచే పరీక్ష) జింక్ శాతం కూడా అడిగి పేపర్‌లో రాయండి.

## చూసి నిర్ధారించడం

స్టెమ్ (పరమాణువులను విడివిడిగా చూపే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో రెండు తెల్ల చుక్కలు పక్కపక్కన కనిపించాయి. జంట అని రాయొచ్చా?

ఒక్క ఫొటోతో రాయకూడదు. ఆ చిత్రం త్రిమితీయ వస్తువు నీడ మాత్రమే. ఒకటి పై పొరలో, ఇంకొకటి పది నానోమీటర్ల కింద ఉన్నా పక్కపక్కనే కనిపిస్తాయి. ఇక ప్రకాశం పరమాణు సంఖ్యను బట్టి వస్తుంది. ప్లాటినం (78), ఐరన్ (26) జంటలో ఎవరెవరో చెప్పొచ్చు. ఐరన్ (26), కోబాల్ట్ (27) జంటలో చెప్పడం అసాధ్యం. పైగా ఎలక్ట్రాన్ కిరణం తాకిడికి చుక్కలు జరుగుతాయి, స్కాన్ చేస్తుండగానే రెండు ఒంటరివి దగ్గరికి చేరడం తెర మీద కనబడుతుంది.

చేయవలసింది ఇది: చాలాచోట్ల తీసిన చిత్రాల్లో ప్రతి చుక్కకూ దగ్గరి పొరుగు దూరం కొలవండి, అదే సాంద్రతతో కంప్యూటర్‌లో యాదృచ్ఛికంగా చల్లిన చుక్కలకూ కొలవండి. 0.25 నానోమీటర్ల దగ్గర మీ శాంపిల్‌లో మాత్రమే అదనపు గుట్ట ఉంటే అప్పుడు జంటలున్నట్టు. ఇది ఒక సాయంత్రం పని. ఎరుపు వలయాలు గీసిన ఫొటోలున్నంతగా ఈ గ్రాఫులు పేపర్లలో కనిపించవు.

ఎక్సాఫ్స్‌లో (ఎక్స్‌రే శోషణతో పొరుగు పరమాణువుల దూరం, సంఖ్య కొలిచే పద్ధతి) మెటల్-మెటల్ పీక్ ఉంది, చాలదా?

ఎక్సాఫ్స్ శాంపిల్‌లోని పరమాణువులన్నిటి సగటు చెబుతుంది. ప్రతి ఐరన్‌కూ 0.3 పొరుగు అని వస్తే దానికి అర్థాలు చాలా: మూడో వంతు ఐరన్‌లు జంటలుగా ఉండొచ్చు, లేదా చాలావరకు ఒంటరిగా ఉండి కొన్ని మాత్రం కణాలుగా ఉండొచ్చు. రెండో చిక్కు, ఐరన్-ఐరన్, ఐరన్-కోబాల్ట్ చెదరగొట్టే తీరు దాదాపు ఒకటే. మూడో చిక్కు కొలతలోనే ఉంది. ఐరన్ కె-అంచు (ఎక్స్‌రే శోషణ ఒక్కసారిగా పెరిగే శక్తి) 7112, కోబాల్ట్‌ది 7709 ఎలక్ట్రాన్ ఓల్టులు. రెండూ ఉన్న శాంపిల్‌లో ఐరన్ డేటా 597 ఎలక్ట్రాన్ ఓల్టులకే కోబాల్ట్ అంచుకు గుద్దుకుని ఆగిపోతుంది, అంటే కె-విలువ (అంచు తర్వాత డేటా ఎంత దూరం ఉందో చెప్పే కొలత) 12.5 దాకానే. కోబాల్ట్ ఫ్లోరెసెన్స్ కొలిచేటప్పుడు ఐరన్ కె-బీటా గీత పక్కనే వచ్చి కలుస్తుంది. కోబాల్ట్ వైపు నుంచీ, ఐరన్ వైపు నుంచీ రెండు డేటాలనూ కలిపి ఒకే దూరంతో ఫిట్ చేస్తే నమ్మకం పెరుగుతుంది. ఐరన్-57 ఉంటే మోస్‌బావర్ (ఐరన్ ఏ స్థితిలో ఉందో గామా కిరణాలతో చెప్పే పరీక్ష) కూడా జోడించండి.

సింక్రోట్రాన్ (ఎక్సాఫ్స్‌కు కావలసిన బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రం) మన దేశంలో దొరుకుతుందా?

ఇందోర్‌లోని ఆర్‌ఆర్‌క్యాట్‌ అనే కేంద్ర పరిశోధన సంస్థలో ఇండస్-2 ఉంది, 2.5 గిగా ఎలక్ట్రాన్ ఓల్టుల యంత్రం. ఎక్సాఫ్స్‌కు బీమ్‌లైన్-8, బీమ్‌లైన్-9 ఉన్నాయి. ప్రతిపాదన రాసి సమయం తీసుకోవాలి. లోహం 1 శాతం కన్నా తక్కువ ఉన్న శాంపిల్ అయితే ఫ్లోరెసెన్స్ మోడ్‌కు కావలసిన సమయం ప్రతిపాదనలోనే అడిగి పెట్టుకోండి.

కరెంటు పెట్టాక జంట జంటగానే ఉంటుందా?

ఉంటుందని అనుకోవద్దు, చూడాలి. కాపర్ థాలోసయనిన్ మీద కార్బన్ డయాక్సైడ్ రిడక్షన్ నడుస్తుండగా 2018లో ఎక్స్‌రే కొలతలు తీశారు. పొటెన్షియల్ పెట్టగానే ఒంటరి కాపర్‌లు బయటికొచ్చి సుమారు 2 నానోమీటర్ల క్లస్టర్లయ్యాయి, పొటెన్షియల్ తీసేస్తే మళ్లీ మొదటి అణువులే. ముందు తీసిన ఫొటో, తర్వాత తీసిన ఫొటో ఒకేలా ఉంటాయి, మీథేన్ చేసింది మాత్రం మధ్యలో వచ్చిపోయిన క్లస్టర్.

## కొలతలు

ఆర్‌డీఈ (తిరిగే డిస్క్ ఎలక్ట్రోడ్) మీద జంట క్యాటలిస్ట్ బాగా వచ్చింది. పొరుగు వల్లేనని ఎలా చెప్పాలి?

ఈ రంగంలో "పొరుగింటి పుల్లకూర రుచి" అన్నట్టు ఏ మంచి జరిగినా పొరుగు పరమాణువు ఖాతాలో వేసేస్తారు. రెండో లోహం వేయగానే మారేవి చాలా ఉన్నాయి: కార్బన్ గ్రాఫైట్‌గా మారే స్థాయి, రంధ్రాల విస్తీర్ణం, నైట్రోజన్ శాతం, మొత్తం సైట్ల సంఖ్య. వీటిలో ఏదైనా కరెంటు పెంచగలదు.

కనీసం ఇన్ని పోలికలు ఉండాలి. ఐరన్ ఒక్కటే, అదే మొత్తం లోహ శాతంతో. కోబాల్ట్ ఒక్కటే, అలాగే. ఆ రెండు పొడులను చేత్తో కలిపిన మిశ్రమం. లోహం లేని కార్బన్. అన్నీ ఒకే వేడి, ఒకే కడుగుడు. చేత్తో కలిపిన మిశ్రమం కూడా జంట క్యాటలిస్టంత బాగా చేస్తే మీ జంట అనవసరం. తర్వాత కరెంటును గ్రాముకు కాక సైటుకు లెక్కించాలి. ఐరన్ సైట్లకు నైట్రైట్ స్ట్రిప్పింగ్ (సైట్లకు నైట్రైట్ అంటించి, దాన్ని వదిలించడానికి పట్టిన కరెంటును కొలవడం) లాంటి పద్ధతులతో లెక్క కట్టవచ్చు. సైటుకు లెక్కించాక అందంగా ఉన్న చాలా తేడాలు కరిగిపోతాయి. కరగనిదే అసలు విషయం.

మా నికెల్ క్యాటలిస్ట్ ఓఈఆర్‌లో (నీటి నుంచి ఆక్సిజన్ విడుదల చేసే చర్యలో) రోజురోజుకీ బాగుపడుతోంది. ఎందుకు?

ద్రావణంలోని ఇనుము వల్ల కావచ్చు, ముందు దాన్నే అనుమానించండి. పొటాషియం హైడ్రాక్సైడ్ సీసా మీద ఎంత శుద్ధి రాసి ఉన్నా, అందులో జాడగా ఇనుము ఉంటుంది. నికెల్ హైడ్రాక్సైడ్ పొరలు దాన్ని పీల్చుకుంటాయి. నికెల్ ఆక్సైడ్ మీద ఇనుప మలినం ఆక్సిజన్ విడుదలను పెంచుతుందని కొరిగన్ 1987లోనే రాశాడు. 2014లో ఆరెగన్ విశ్వవిద్యాలయంలోని బెట్చర్ బృందం ఇంకో అడుగు వేసి, ఇనుము పూర్తిగా తీసేస్తే నికెల్ ఆక్సీహైడ్రాక్సైడ్ చాలా నాసిరకం క్యాటలిస్టని తేల్చింది. అప్పటిదాకా "నికెల్ పనితనం" అనుకున్న దాంట్లో చాలా భాగం నికెల్ పక్కన చేరిన ఇనుముదే.

శుద్ధి చేసుకోవడం కష్టం కాదు. శుభ్రమైన నికెల్ లవణం నుంచి నికెల్ హైడ్రాక్సైడ్ అవక్షేపం తయారుచేసి, మీ క్షార ద్రావణంలో వేసి బాగా కుదిపి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకోవాలి. ఆ హైడ్రాక్సైడే ఇనుమును లాగేస్తుంది. గాజు సామాను వద్దు, ప్లాస్టిక్ సెల్ వాడండి. పక్క పరమాణువు గురించి మాట్లాడే పేపర్ ఈ శుద్ధి గురించి ఒక్క వాక్యమైనా రాయకపోతే నేను ఆ గ్రాఫులను నమ్మను.

కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం వాడొచ్చా?

కేథోడ్ రియాక్షన్లకు వద్దు. ఆనోడ్‌గా ఉన్న ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి మీ క్యాటలిస్టు మీద పేరుకుంటుంది. గ్రాఫైట్ కడ్డీ వాడి, మధ్యలో నఫియాన్ (ప్రోటాన్లను పోనిచ్చే ప్లాస్టిక్) పొర పెట్టండి.

ఇంక్ (క్యాటలిస్టు పొడి కలిపిన ద్రవం) చుక్క ఒక్కోసారి ఒక్కోలా ఆరుతోంది, లిమిటింగ్ కరెంటు (ఆక్సిజన్ అందే వేగం అనుమతించే గరిష్ఠ కరెంటు) మారిపోతోంది. ఏం చేయాలి?

5 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ డిస్క్ వైశాల్యం 0.196 చదరపు సెంటీమీటర్లు. దాని మీద పది మైక్రోలీటర్ల చుక్క వేస్తే అంచుల్లో నల్లటి వలయం, మధ్యలో బోడి డిస్క్ మిగలడం అందరికీ జరిగేదే. ఇంక్‌లో ఐసోప్రొపనాల్ పాలు సరిచూడండి, ఐస్ నీళ్లలో సోనికేట్ చేయండి, డిస్క్‌ను తలకిందులుగా బిగించి నెమ్మదిగా తిప్పుతూ ఆరబెట్టండి. 0.1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో, ఆక్సిజన్ నింపి, నిమిషానికి 1600 చుట్ల దగ్గర నాలుగు ఎలక్ట్రాన్ల దారికి లిమిటింగ్ కరెంటు చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూ ఉండాలి. 4 వస్తే ముందు పొరను చూడండి, పెరాక్సైడ్ సిద్ధాంతం తర్వాత.

డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ల శక్తిని కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) లెక్క జంట సైటే గొప్పదంటోంది. అది రుజువు కాదా?

రుజువు కాదు, దారి చూపే గుర్తు. చాలా లెక్కల్లో జంటను శూన్యంలో నగ్నంగా గీస్తారు. ఓఆర్‌ఆర్ నడిచే పొటెన్షియల్‌లో ఐరన్-కోబాల్ట్ వంతెన మీద ఒక ఓహెచ్ గట్టిగా కూర్చుని వదలదు. అప్పుడు పనిచేసేది జంట కాదు, ఓహెచ్ తలపాగా పెట్టుకున్న జంట. ఆ ఓహెచ్‌తో కలిపి మళ్లీ లెక్కిస్తే అంకెలు బాగా మారతాయి. రివ్యూకు వచ్చే పేపర్లలో నేను మొదట అడిగేది ఇదే.

## నిలకడ, వాడకం

ఇవి ఎక్కువకాలం నిలుస్తాయా?

కార్బన్ మీది ఐరన్ సైట్లకు ఆమ్ల ఫ్యూయల్ సెల్‌లో నిలకడ పెద్ద సమస్య. ఐరన్ కరిగి బయటికొస్తుంది. బయటికొచ్చిన ఐరన్, దారి తప్పి ఏర్పడిన పెరాక్సైడ్‌తో కలిసి ఫెంటన్ చర్యతో రాడికల్స్ పుట్టిస్తుంది. అవి కార్బన్‌నూ, నఫియాన్ పొరనూ తినేస్తాయి. పక్కన కోబాల్ట్ పెట్టడానికి ఒక కారణం దాని ఫెంటన్ చర్య బలహీనం కావడం. ప్లాటినం మిశ్రమాల్లో నికెల్, కోబాల్ట్ పైపొర నుంచి కరిగిపోయి ప్లాటినం తోలు మిగులుతుంది. ఆ తోలు కింద లోహం ఉన్నంతకాలం స్ట్రెయిన్ ఉంటుంది, లోపలిదీ కరిగిపోతే ప్లాటినం మళ్లీ మామూలు ప్లాటినమే.

నిజంగా ఎక్కడైనా వాడుతున్నారా?

మిశ్రమలోహాలు వాడుతున్నారు. 2014లో వచ్చిన టయోటా మిరాయ్ కారు కేథోడ్‌లో ప్లాటినం-కోబాల్ట్ ఉంది. క్షార ఎలక్ట్రొలైజర్లలో నికెల్ ఆధారిత ఎలక్ట్రోడ్లు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. డ్యుయల్ ఆటమ్ పొడులు మాత్రం ఇంకా ల్యాబ్ గడప దాటలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ రంగానికి పని ఉందా?

హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఫ్యూయల్ సెల్ విభాగం చెన్నైలో నడుస్తోంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 2030కల్లా ఏడాదికి 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ అన్నది జాతీయ మిషన్ లక్ష్యం. అంత హైడ్రోజన్‌కు ఎలక్ట్రొలైజర్లు (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలు) కావాలి. పీఈఎం రకం (ప్రోటాన్లను పోనిచ్చే పొరతో, ఆమ్ల పరిస్థితిలో నడిచే) ఎలక్ట్రొలైజర్లకు ఇరీడియం కావాలి, ప్రపంచమంతా కలిపి దాని ఉత్పత్తి ఏడాదికి పది టన్నుల లోపే. ఇరీడియం లేకుండా క్షారంలో నడిచే నికెల్-ఐరన్ జంటల మీద పనిచేసేవారికి అందుకే గిరాకీ.

పీహెచ్‌డీకి ఈ అంశం తీసుకోవచ్చా? ఇంకా ఏం మిగిలింది?

తీసుకోవచ్చు, కొత్త లోహాల జత వెతకడానికి మాత్రం వద్దు. ఆవర్తన పట్టికలో జతలు చాలావరకు ఎవరో ఒకరు చేసేశారు. మిగిలింది కొలతల పని. ఒకే జత, ఒకే ఆధారం, దూరం మాత్రమే 0.25 నుంచి 1.2 నానోమీటర్ల దాకా మార్చి, ప్రతి దూరం దగ్గరా సైటుకు కరెంటు కొలిచి గీసిన గ్రాఫు కావాలి. ఐరన్-ఐరన్‌కు దాని ఒక వైపు మనకు కొంత తెలుసు. ఐరన్-కోబాల్ట్‌కు, నికెల్-ఐరన్‌కు అలాంటిది గీయాలంటే దూరాన్ని ముందే నిర్ణయించే అణువులు సంశ్లేషించాలి, కాబట్టి ఆర్గానిక్ కెమిస్ట్రీ చేయి తిరిగినవాళ్లు పక్క బెంచీలో ఉన్న ల్యాబ్ చూసుకుని చేరండి.